బీకరులో చేయాల్సిన పరీక్ష మన వీధిలో చేస్తున్నారు

కొత్తగా వేసిన తారు రోడ్డు మొదటి వానాకాలానికే లేచిపోతే అధికారులు చెప్పే మాట ఒకటే: "ఈ ఏడు వానలు ఎక్కువండీ." బరంపురంలో ఆ మాట ఒడియాలో వినిపిస్తుంది, షోలాపూర్‌లో మరాఠీలో, కోలార్‌లో కన్నడంలో, హోసూర్‌లో తమిళంలో, యానాంలో మన తెలుగులోనే. భాష మారుతుంది గానీ సాకు మారదు. వాన నిన్న మొన్న పుట్టిందా? మన తాతల కాలం నుంచీ ఒకచోట జూన్‌లో, ఇంకోచోట అక్టోబరులో వస్తూనే ఉంది. వస్తుందని తెలిసీ దానికి నిలవని రోడ్డు వేసి, ఆ తర్వాత నేరం వానమీదకు నెట్టడం ఏం న్యాయం?

నీళ్లలో నానితే తారు కంకరను పట్టుకుని ఉంటుందా, వదిలేస్తుందా అన్నది రోడ్డు వేయకముందే తెలుసుకోవచ్చు. దానికి ఒక పరీక్ష ఉంది. 1971లోనే మన దేశం దాన్ని ఐఎస్ 6241 అనే ప్రమాణంగా రాసిపెట్టుకుంది. ఇంజనీర్లు దాన్ని స్ట్రిప్పింగ్ టెస్ట్ అంటారు. కాబట్టి "మాకు తెలియదు, వాన వచ్చింది" అనే మాటకు యాభై ఏళ్ల కిందటే కాలం చెల్లింది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ పరీక్ష బీకరులో నిజాయితీగా జరగకపోతే అసలు జరగకుండా పోదు. మన వీధిలో జరుగుతుంది. మన పిల్లల సైకిళ్ల కింద, నెలలు నిండిన ఆడబిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లే ఆటో కింద జరుగుతుంది. ఫలితం మనమే చూస్తాం, ఖర్చు కూడా మనమే పెట్టుకుంటాం.

పాస్టర్‌కి తారుతో ఏం పని అని అడిగేవారు ఉంటారు. బాబెలు కట్టినవారు ఇటుకల మధ్య మట్టికీలు వాడారని, నోవహు ఓడకు లోపలా బయటా కీలు పూశాడని మనం ఆదివారం బడిలోనే పిల్లలకు చెబుతాం. నీటిని ఆపడానికే ఆ పూత. పూత ఊడితే మునిగేది ఓడలో ఉన్నవాళ్లే, కీలు అమ్మినవాడు కాదు. రోడ్డు విషయంలో కూడా లెక్క ఇదే. అందుకే మాట్లాడుతున్నాను.

పరీక్ష అంటే ఏమిటి?

దీన్ని అర్థం చేసుకోవడానికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కరలేదు. 20 ఎంఎం జల్లెడలోంచి దిగి 12.5 ఎంఎం జల్లెడమీద నిలిచిన కంకర 200 గ్రాములు తీసుకుని వేడి చేస్తారు. దాని బరువులో 5 శాతం, అంటే 10 గ్రాముల బిటుమెన్‌ను వేడిగా కలుపుతారు. మనం వాడుకలో తారు అంటున్నది ఈ బిటుమెన్‌నే. ముడిచమురు శుద్ధి చేశాక చివరికి అడుగున మిగిలే నల్లటి జిగురు అది. ప్రతి రాయికీ పూత పట్టాక బీకరులో వేసి చల్లారనిస్తారు. తర్వాత రాళ్లు మునిగేలా డిస్టిల్డ్ వాటర్ పోసి, 40 డిగ్రీల వేడి ఉన్న నీటితొట్టిలో 24 గంటలు ఉంచుతారు. మర్నాడు బీకరులోకి చూసి, రాళ్లమీద ఎంత మేర పూత ఊడిందో కంటితో అంచనా కడతారు. కేంద్ర రహదారుల శాఖ నిబంధనల ప్రకారం పూత కనీసం 95 శాతం నిలిచి ఉండాలి. అంతకన్నా తగ్గితే ఆ కంకరను ఉన్నది ఉన్నట్టు వాడకూడదు.

ఒక తక్కెడ, ఒక పొయ్యి, ఒక బీకరు, ఒక నీటితొట్టి, ఒక రోజు సమయం. కోట్ల రూపాయల పనికి ముందు అడుగుతున్నది ఇంతే.

తారు ఎందుకు ఊడుతుంది? రాయి స్వభావం వల్ల. గ్రానైట్, క్వార్ట్‌జైట్ లాంటి రాళ్లలో సిలికా ఎక్కువ. అలాంటి రాయికి తారుకంటే నీరే దగ్గరి చుట్టం. సన్నటి సందు దొరికితే చాలు, నీరు రాయికీ తారుకీ మధ్య దూరి, తారును పక్కకు నెట్టి తాను రాయిని హత్తుకుంటుంది. సున్నపురాయి వేరు. అందులోని కాల్షియం, తారులో ఉండే ఆమ్లాలతో కలిసి నీటికి కరగని బంధం వేసుకుంటుంది. బసాల్ట్ సాధారణంగా గ్రానైట్‌కంటే నయం. అయినా ఫలానా క్వారీ బసాల్ట్ నిలుస్తుందని పేరు చూసి చెప్పలేం, పరీక్షించే చెప్పాలి.

రోడ్డుమీద నీటికి చక్రం తోడవుతుంది. సందుల్లో నిలిచిన నీటిని టైరు లోపలికి నొక్కుతుంది, దాటగానే మళ్లీ పైకి లాగుతుంది. ఒక్కో బండికీ ఒక్కోసారి ఇదే తంతు. తారు ఊడటం చాలాసార్లు పొర అడుగునుంచే మొదలవుతుంది. పైన నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది, ప్రారంభోత్సవం ఫొటోలు బాగా వస్తాయి, కింద మాత్రం రాయి ఒంటరిదైపోతుంది. ఒక రోజు పైపొర కుంగి గుంత పడుతుంది. రాత్రికి రాత్రే పడిందని మనం అనుకుంటాం. అది నెలల తరబడి పడుతూ వచ్చిన గుంత.

మన ఐదు చోట్లా ఐదు రాళ్లు

ఈ పత్రిక చదివే మనం ఐదు చోట్ల ఉన్నాం. మన కాళ్ల కింది రాయి కూడా ఒకటి కాదు. షోలాపూర్ చుట్టూ ఉన్నది దక్కను బసాల్ట్. కోలార్, బెంగళూరు ప్రాంతంలో గ్రానైట్, నైస్ రాళ్లు. చెన్నైలో సెయింట్ థామస్ మౌంట్, పల్లావరం దగ్గర కనిపించేది చార్నకైట్. కలకత్తాలో జాబ్ చార్నాక్ సమాధిమీద పరిచిన రాయి కూడా ఆ జాతిదే కాబట్టి 1890లలో భూగర్భ శాస్త్రవేత్త హాలండ్ దానికి ఆ పేరు పెట్టాడు. రాయగడ, కోరాపుట్ కొండల్లో ఖొండలైట్ విస్తారం. కొంతకాలం ఎండావానా తగిలితే మెత్తబడే గుణం దానిది. యానాం గోదావరి ఒండ్రుమీద ఉంది, అక్కడ సొంత రాయే లేదు. ఎగువన రాజమండ్రి దగ్గర గౌరీపట్నం, దుద్దుకూరు వైపు బసాల్ట్ ఉంది, ఇంకా పైకి వెళ్తే తూర్పు కనుమల రాళ్లు. లారీ ఎటునుంచి వస్తే రోడ్డుకు ఆ రాయి.

ఇన్ని రకాల రాళ్లు ఉన్నప్పుడు ఫలితాలు కూడా అన్ని రకాలుగా ఉండాలి కదా? కొన్ని తప్పాలి, కొన్ని అంచున నిలవాలి, కొన్నింటికి మందు కలపాలని రాయాలి. మరి కాగితాలమీద ఎప్పుడూ అందరూ పాసే ఎలా అవుతున్నారు?

ఒక జిల్లాలో మా మిత్రులం కలిసి సమాచార హక్కు కింద మూడు పేటల రోడ్ల పరీక్ష కాగితాలు తీసుకున్నాం. అది ఏ ఆఫీసు అన్నది ఇక్కడ అనవసరం. మూడు రోడ్లకూ కంకర వేర్వేరు క్వారీలనుంచి వచ్చిందని బిల్లులు చెబుతున్నాయి. స్ట్రిప్పింగ్ ఫలితం మాత్రం మూడింటికీ ఒకటే అంకె. ఒక కాగితంలో పరీక్ష చేసిన తేదీ, తారు వేసిన తేదీ తర్వాత ఉంది. రోడ్డు వేశాక రాయి పనికొస్తుందో లేదో చూశారన్నమాట! పెళ్లయ్యాక పిల్లను చూడటానికి వెళ్లినట్టు ఉంది వ్యవహారం.

పరీక్షకు మూడు చిల్లులు

కాగితం దొంగది కాకపోయినా, పరీక్ష నిజంగా జరిగినా, ఈ పద్ధతిలో మూడు చిల్లులు ఉన్నాయి. ఇవి ఇంజనీర్లకు తెలియనివి కావు. మనకు తెలియకూడదని అనుకున్నవి.

మొదటిది, రాయి. ప్రమాణం ప్రకారం పరీక్షకు తీసుకునేది శుభ్రమైన, పొడిగా ఉన్న కంకర. రోడ్డుమీదికి వచ్చేదో? క్రషర్ కింద దుమ్ము కొట్టుకుపోయి, గుట్టగా పోసినచోట మంచుకు తడిసి, అలాగే డ్రమ్ములోకి వెళ్లే కంకర. రాయిమీద దుమ్ము పొర ఉంటే తారు రాయికి అంటుకోదు, దుమ్ముకు అంటుకుంటుంది. వాన రాగానే దుమ్ము కరిగి జారుతుంది, దాంతోపాటే తారూ జారుతుంది. ల్యాబుకు కడిగిన రాయి, రోడ్డుకు కడగని రాయి. ఇదేం పరీక్ష?

రెండోది, కన్ను. పూత ఎంత ఊడిందో కొలిచే యంత్రం ఈ పరీక్షలో లేదు. చూసి చెప్పడమే. ఒకరి కంటికి నాలుగు శాతం, ఇంకొకరి కంటికి పన్నెండు శాతం. మధ్యలో ఉన్నది ఐదు అనే గీత. ఆ గీతకు ఇటువైపు ఉంటే బిల్లు పాస్, అటువైపు ఉంటే కంకర వెనక్కి. చూసే మనిషి జీతం, బదిలీ, రేపటి శాంతి అన్నీ ఆ గీతమీద వేలాడుతున్నప్పుడు ఆ కన్ను ఏం చూస్తుందో చెప్పనక్కరలేదు. అందరు ఇంజనీర్లూ అమ్ముడుపోయారని నేను అనడం లేదు. నిజాయితీపరుడైన జేఈని కూడా ఒంటరిగా నిలబెట్టి, అతని కంటిమీదే భారమంతా వేసే పద్ధతి తప్పు అంటున్నాను.

మూడోది, గేటు. దీనికంటే గట్టి పరీక్షలు ఉన్నాయి. తారు పూసిన కంకరను పది నిమిషాలు మరిగే నీళ్లలో ఉంచి చూసే పరీక్ష ఉంది. ఇంకా గట్టిది అమెరికాలో రాబర్ట్ లాట్‌మన్ పరిశోధనతో మొదలైంది. రోడ్డుమీద ఉండేలాంటి సందులతో దిమ్మలు చేసి, కొన్నింటిలోకి నీటిని బలవంతంగా ఎక్కించి, గడ్డకట్టించి, మళ్లీ 60 డిగ్రీల నీటిలో ఉంచి, తర్వాత వాటిని చీల్చి, పొడి దిమ్మల బలంతో పోలుస్తారు. కనీసం 80 శాతం బలం మిగలాలి. ఇక్కడ కంటికి పని లేదు, యంత్రం అంకె చెబుతుంది. కానీ మన రహదారుల శాఖ నిబంధనల 2001 కూర్పు ఏమందో చూడండి: బీకరు పరీక్షలో పూత 95 శాతం కంటే తగ్గితేనే ఈ గట్టి పరీక్ష అవసరం. అంటే కంటితో చూసే మెత్తటి పరీక్షను గేటుకు కాపలా పెట్టి, గట్టి పరీక్షను లోపల కూర్చోబెట్టారు. కాపలావాడు "బాగుంది" అంటే చాలు, లోపలివాడిని లేపనక్కరలేదు. ఈ రాత రాసినవాళ్లు మంచి ఉద్దేశంతోనే రాసి ఉండవచ్చు. కాంట్రాక్టర్‌కి ఇంతకంటే మంచి వరం మాత్రం ఎవరూ ఇవ్వలేరు.

అదే దుమ్ము

పైన దుమ్ము సంగతి చెప్పాను. ఆ దుమ్ము కంకరమీద మాత్రమే కూర్చోదు.

మన రాష్ట్రాల్లో రాయి కొట్టేవాళ్లు ఎవరు? కర్ణాటకలో భోవి, తమిళనాడులో ఒడ్డర్, మహారాష్ట్రలో వడార్ అని పిలిచే రాతిపని కుటుంబాల్లో ఎన్నో ఇళ్లలో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు. ఆంధ్ర, తెలంగాణల్లో వాళ్లే వడ్డెరలు. మహబూబ్‌నగర్ వైపునుంచి గుంపు మేస్త్రీల వెంట వెళ్లి దేశమంతా ఆనకట్టలు, రోడ్లు కట్టిన పాలమూరు లేబర్ కూడా మనవాళ్లే. క్రషర్ దగ్గర సిలికా దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు సిలికోసిస్. 1948 ఫ్యాక్టరీల చట్టం దాన్ని ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో పెట్టింది. అయినా ఎంతమంది క్రషర్ కూలీలు టీబీ అనే పేరుతో మందులు మింగుతూ చనిపోయారో మన సమాధితోటలు చూసినవాళ్లకు తెలుసు.

క్రషర్ దగ్గర నీళ్లు చల్లి దుమ్ము అణచాలి, కంకరను జల్లించి కడగాలి, ఆరబెట్టి వేడి డ్రమ్ములోకి పంపాలి. ఈ పనులు చేస్తే కూలీ ఊపిరి నిలుస్తుంది, రోడ్డుమీద తారూ నిలుస్తుంది. చేయకపోతే ఆ దుమ్ము ఒకేసారి రెండుచోట్ల పనిచేస్తుంది. కొట్టినవాడి రొమ్ములోకి వెళ్తుంది, అతని ఇంటికి వేసిన రోడ్డును పాడుచేస్తుంది. కార్మికుల భద్రత వేరు, రోడ్డు నాణ్యత వేరు అని రెండు ఫైళ్లుగా నడిపించేవాళ్లు ఈ ఒక్క దుమ్మును ఏ ఫైల్లో పెడతారో చెప్పాలి.

పలచటి రోడ్డు ఎవరికి?

జాతీయ రహదారిలో తారు పొరలు ఒకదానిమీద ఒకటి మందంగా ఉంటాయి. మన పేటకు, పల్లెకు వచ్చే రోడ్డులో సాధారణంగా కంకర మెటలింగ్‌మీద 20 ఎంఎం కార్పెట్, దానిమీద సీల్‌కోట్. వేలి మందం. ఆ కార్పెట్‌లో సందులు ఎక్కువ. సీల్‌కోట్ సరిగా పడకపోతే వాననీరు నేరుగా లోపలికి దిగుతుంది. పొర ఎంత పలచగా, ఎంత సందులుగా ఉంటే, తారు రాయిని అంత గట్టిగా పట్టుకోవాలి. గట్టి పరీక్ష ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే కాగితం మెత్తగా ఉంటోంది. చిన్న రోడ్డు, చిన్న జనం, ఎవరడుగుతారులే!

ఊరి పెద్దవీధి దాకా వచ్చిన రోడ్డు మన పేట మొదట్లో ఆగిపోవడం పాత కథ. పోరాడి, అర్జీలు పెట్టి, దాన్ని చర్చి దాకా, శ్మశానం దాకా తెచ్చుకున్నాం. ఇప్పుడు కొత్త కథ: రోడ్డు వస్తుంది, ఒక్క వానాకాలం ఉంటుంది, పోతుంది. రికార్డుల్లో మాత్రం ఉంటుంది. రికార్డులో రోడ్డు ఉన్న పేటకు మళ్లీ రోడ్డు మంజూరు చేయించడం, అసలు రోడ్డు లేని పేటకు చేయించడం కంటే కష్టం.

ఎదురు వాదనలు

"మురుగు కాలువ లేకపోతే ఏ రాయి పెట్టినా నిలవదు" అంటారు. నిజమే. నీరు నిలిచే రోడ్డు పాడవుతుంది, అధిక బరువు లారీలు తిరిగినా పాడవుతుంది, అడుగు మట్టి మెత్తనైతే పాడవుతుంది. గుంతలన్నిటికీ తారు ఊడటమే కారణమని నేను అనను. కానీ రోగికి రెండు జబ్బులుంటే ఒకదానికి పరీక్ష మానేస్తామా? కాలువ లేదని తెలిసినచోట నీటి పరీక్ష మరింత కచ్చితంగా చేయాలి.

"మంచి రాయి దూరం, దగ్గర క్వారీలో ఉన్నదే వాడాలి" అంటారు. దగ్గరి రాయి వాడండి, ఎవరూ వద్దనలేదు. రాయి తప్పితే దానికి మందు ఉంది. పొడిసున్నం, మన ఇళ్లకు వేసుకునే సున్నమే, కంకర బరువులో రెండు శాతం కలిపితే చాలా రాళ్లు తారును పట్టుకుంటాయి. తారులో కలిపే రసాయనాలూ ఉన్నాయి. మదురై త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీ ఆచార్యులు రాజగోపాలన్ వాసుదేవన్ వ్యర్థ ప్లాస్టిక్‌ను వేడి కంకరకు పూతగా పట్టించి నీటిని నిలువరించే దారి చూపారు. 2018లో పద్మశ్రీ కూడా అందుకున్నారు. కానీ పరీక్షలో రాయి తప్పితేనే కదా మందు అడిగేది? కాగితంమీద ప్రతి రాయీ పాసైతే సున్నం ఖర్చు మిగిలిపోతుంది. ఆ ప్రతి రాయీ ఎందుకు పాసవుతోందో ఇప్పుడు అర్థమవుతుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టే వాదన బయటివాళ్లది కాదు, మన పెద్దలది. "పాస్టర్‌గారూ, ఇన్నేళ్లకు రోడ్డు వచ్చింది. ఇప్పుడు రాయి ఏది, తారు ఏది అని అడిగితే వచ్చిన రోడ్డు వెనక్కి పోతుంది. ఊరుకోండి." ఈ భయం ఊరికే పుట్టింది కాదని నాకు తెలుసు. అడిగినందుకు పని ఆపేసిన ఊళ్లూ ఉన్నాయి. అయినా పెద్దలతో ఒక మాట మనవి చేస్తాను. అడగకపోతే రోడ్డు నిలుస్తోందా? అదీ లేదు. అడిగినా పోయేదే, అడగకపోయినా పోయేదే అయితే, అడిగి పోగొట్టుకోవడంలో కనీసం దొంగ ఎవరో తెలుస్తాడు. ఇంకో సంగతి. రోడ్డు ఎవరో వేసిన భిక్ష కాదు. అగ్గిపెట్టె కొన్నా, సబ్బు కొన్నా పన్ను కడుతున్నాం. మన డబ్బుతో వేసే రోడ్డుకు రాయి ఏదో అడగడం కృతజ్ఞత లేకపోవడం ఎలా అవుతుంది?

చట్టం మన చేతిలో పెట్టిన గుప్పెడు కంకర

2005 సమాచార హక్కు చట్టం అంటే కాగితాల జిరాక్సులు అడగడం అనే చాలామంది అనుకుంటారు. ఆ చట్టం సెక్షన్ 2(జె) చదవండి. జరుగుతున్న పనిని తనిఖీ చేసే హక్కు అందులో ఉంది. ధ్రువీకరించిన వస్తు నమూనా తీసుకునే హక్కు కూడా ఉంది. వస్తు నమూనా అంటే కంకర, తారు, ఇసుక. సామాన్యుడు ఒక దరఖాస్తుతో తన వీధిలో పోసిన కంకర గుట్టనుంచి అధికారి సంతకంతో సీలువేసిన సంచి అడగవచ్చు. ఆ సంచిని దగ్గర్లో ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ సివిల్ విభాగానికి తీసుకెళ్లి పరీక్షించమని కోరవచ్చు. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే మొదటి అప్పీలు. మన సంఘాల్లో ఎంతమంది యువకులు సివిల్ డిప్లొమా చేసి ఖాళీగా తిరుగుతున్నారు! ఈ పని వాళ్లకు అప్పగించండి.

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 సంవత్సరం డిసెంబరు 25న మొదలైంది. మనం క్రిస్మస్ ఆరాధనలో ఉన్న రోజు. ఆ పథకం రోడ్డు దగ్గర స్థానిక భాషలో బోర్డు పెట్టాలి, ఏ పొరకు ఎంత సామగ్రి వాడారో రాయాలి. రోడ్డు పూర్తయ్యాక ఐదేళ్లు నిర్వహణ బాధ్యత కాంట్రాక్టర్‌దే. ఫిర్యాదు చేయడానికి 2015లో మేరీ సడక్ అనే యాప్ కూడా తెచ్చారు. బోర్డులు చూడండి. చాలాచోట్ల ఎండకు వెలిసిపోయి లేదా పొదల వెనక ఉంటాయి. ఐదేళ్ల నిర్వహణ అంటే గుంతలో ఎర్రమట్టి పోసి ఫొటో తీయడం కాదు, తారు ఎందుకు ఊడిందో తేల్చి ఆ పొర మళ్లీ వేయడం. ఆ మాట రాతపూర్వకంగా అడగండి.

మోటారు వాహనాల చట్టానికి 2019లో సెక్షన్ 198ఎ చేర్చారు. రోడ్డు ప్రమాణాలు పాటించక మనిషి చనిపోతే, లేదా వికలాంగుడైతే, బాధ్యుడికి లక్ష రూపాయల దాకా జరిమానా. ఆ డబ్బు వెళ్లేది ప్రమాదాల నిధికి. హెల్మెట్ లేనివాడిని ప్రతి కూడలిలో ఆపి చలానా రాస్తారు. రాయిని పరీక్షించకుండా రోడ్డు వేసినవాడికి ఈ సెక్షన్ కింద చలానా రాయడం మీలో ఎవరైనా చూశారా?

మనం అడగాల్సినవి పెద్ద కోరికలు కావు. కంకర ఏ క్వారీదో బోర్డుమీద రాయాలి. నమూనా ల్యాబుకు కడిగి పంపేది కాకుండా, రోడ్డు పక్కన పోసిన గుట్టనుంచి దుమ్ముతో సహా, ఇద్దరు ఊరివాళ్ల ఎదుట తీయాలి. దాన్ని మూడు భాగాలు చేసి ఒకటి ల్యాబుకు, ఒకటి కాంట్రాక్టర్‌కు, ఒకటి సీలువేసి గ్రామసభకు ఇవ్వాలి. రేపు తగువు వస్తే మన దగ్గరా సాక్ష్యం ఉంటుంది. తారు కలిపే రోజున పది నిమిషాల మరిగే నీళ్ల పరీక్ష అక్కడే, అందరూ చూస్తుండగా చేయాలి. ఒక గిన్నె, ఒక పొయ్యి చాలు. ఊరిలో పదిమంది కళ్లు చూస్తే ఒక్క కంటిమీద భారం ఉండదు, నిజాయితీగల జేఈకి అండ దొరుకుతుంది. దిమ్మలు చీల్చే గట్టి పరీక్షను బీకరు పరీక్ష వెనక దాచకుండా ప్రతి పనికీ తప్పనిసరి చేయాలి. సిలికా ఎక్కువ ఉన్న రాయి వాడే జిల్లాల్లో సున్నం ఖర్చును మొదటి ఎస్టిమేట్‌లోనే చేర్చాలి. క్రషర్ దగ్గర నీళ్లు చల్లని క్వారీ కంకరను కొనకూడదు. ఆ ఒక్క షరతుతో కూలీకీ రోడ్డుకీ ఒకేసారి మేలు జరుగుతుంది.

ఇవి అడగడానికి సమయం ఎప్పుడు? గుంత పడ్డాక కాదు. గుంత పడ్డాక మనకు మిగిలేది ధర్నా, వాళ్లకు మిగిలేది ప్యాచ్‌వర్క్ బిల్లు. కంకర లారీ దిగిన రోజే అడగాలి. ఆ రోజు రాయి ఇంకా తారు ఎరగదు, బిల్లు ఇంకా పాస్ కాలేదు.

పాస్టర్ మిత్రులకు ఒక్క మాట. రోడ్డు పనికి శంకుస్థాపన అంటే మనల్ని కూడా పిలుస్తారు. పూజారిగారు కొబ్బరికాయ కొడతారు, మౌల్వీగారు దువా చేస్తారు, మనల్ని ప్రార్థన చేయమంటారు. ప్రార్థన చేయండి, తప్పకుండా చేయండి. ఆమేన్ చెప్పాక మైకు ఇంకా మీ చేతిలోనే ఉంటుంది. ఎమ్మెల్యేగారు, ఇంజనీరుగారు, కాంట్రాక్టర్‌గారు ముగ్గురూ ఎదురుగానే ఉంటారు. వినయంగా మూడు ప్రశ్నలు అడగండి: ఈ కంకర ఏ క్వారీది? నమూనా ఎవరి ఎదుట తీశారు? నీళ్లలో పెట్టి చూసిన కాగితం ఎక్కడుంది? జవాబు అక్కడికక్కడే చెబితే సంతోషం. చెప్పకపోతే మర్నాడే సమాచార హక్కు దరఖాస్తు రాయండి.